గరాజీలో ఒక్క ఫోను లైను

నిన్న రాత్రి మా కంప్యూటర్ బులెటిన్ బోర్డుకి ఒక్కరే వచ్చారు. పదకొండు నిమిషాలు ఉండి, రెండు ఉత్తరాలు చదివి, ఒకదానికి జవాబు రాసి వెళ్ళారు. మొన్న ఎవరూ రాలేదు. అటుమొన్న ముగ్గురు.

పొద్దున కాఫీ తాగుతూ ఆ లాగ్ చూస్తుంటే మా అమ్మాయి వెనక నిలబడి చదివింది. "నాన్నా, ముగ్గురి కోసం నెలనెలా స్టాటిక్ ఐపీకి డబ్బు కడుతున్నావా? ఎందుకు?" అంది. స్టాటిక్ ఐపీ అంటే ఇంటర్నెట్‌లో మన ఇంటికి మారని చిరునామా. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. దానికి ఆఫీసు బస్సు టైమైపోతోంది, నాకేమో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అది వెళ్ళాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మా హాల్లో టీవీ కింద అరలో అరచేతిలో పట్టేంత రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. దాని మీద నడిచేది బీబీఎస్, అంటే బులెటిన్ బోర్డు సిస్టమ్. ఇంటర్నెట్ ఇళ్ళలోకి రాకముందు కంప్యూటర్ ఉన్నవాళ్ళు మోడెమ్‌తో, అంటే కంప్యూటర్‌ని ఫోను లైనుకి కలిపే డబ్బాతో, ఇంకొకరి ఇంటి కంప్యూటర్‌కి ఫోన్ చేసి ఉత్తరాలు పెట్టుకునేవారు, ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునేవారు, ఆటలు ఆడేవారు. ఆ కంప్యూటర్ నడిపే ఇంటాయనను సిసాప్ అంటారు. ఇప్పుడు ఫోన్ లైన్ల బదులు టెల్నెట్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్ళే పాత పద్ధతి, వచ్చింది గానీ, నల్లటి తెర, రంగురంగుల అక్షరాలు, 'మీ హ్యాండిల్ (మారుపేరు) చెప్పండి' అనే ప్రశ్న మాత్రం అప్పటివే. ప్రపంచంలో ఇలాంటివి ఇంకా కొన్ని వందలు నడుస్తున్నాయి. నడిపేవాళ్ళలో దాదాపు ఎవరికీ దానివల్ల రూపాయి రాదు.

నేను మొదటిసారి బోర్డు చూసింది 1991 శీతాకాలంలో. డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదువు. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం, నలుగురికీ ఒకటే ఫోను. నేను ఒక పాత ఎక్స్‌టీ క్లోన్ (ఐబీఎమ్ కంప్యూటర్‌కి నకలు), 2400 బాడ్ మోడెమ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన కాయితం ముక్క మీద ఏడంకెల నంబరు ఒకటి రాసిచ్చి, "ముందు దీనికి డయల్ చెయ్, మంచివాడు" అన్నాడు. ఊళ్ళో కాల్‌కి విడిగా చార్జీ లేదు, నెలకింత అని కట్టేస్తే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. రాజమండ్రిలో ట్రంకు కాల్ అంటేనే ఇల్లంతా నిలబడే రోజుల నుంచి వెళ్ళినవాడిని, ఆ ఒక్క సంగతే నాకు పెద్ద వింత.

డయల్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే ఎంగేజ్. ఒక్క లైనే కాబట్టి ఒకసారికి ఒక్కడే లోపలికి వెళ్ళగలడు. మోడెమ్‌కి మళ్ళీ మళ్ళీ డయల్ చేయమని చెప్పి పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చునేవాడిని. నలభై నిమిషాలకు ఎప్పుడో ఆ కీచు, ఆ బుస, ఆ తరువాత ఒక్క క్షణం నిశ్శబ్దం. 'ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి' అని తెర మీద వచ్చేది. అప్పుడు ఒంట్లో ఏదో కదిలేది. తలుపు తీశారు అన్నంత సంబరం.

2400 బాడ్ అంటే సెకనుకి సుమారు 240 అక్షరాలు. ఎనభై నిలువు వరుసలు, ఇరవై అయిదు అడ్డ వరుసల తెర నిండడానికి ఎనిమిది సెకన్లు. పైనుంచి కిందికి ఒక్కో వరుసా గీసుకుంటూ వచ్చే బొమ్మను చూస్తూ ఉండేవాళ్ళం. 360 కిలోబైట్ల ఫ్లాపీ అంత ఫైలు దించుకోవాలంటే పాతిక నిమిషాలు. రోజుకి ఒక్కొక్కరికి గంట టైమిచ్చేవాడు సిసాప్. గంట దాటితే నెమ్మదిగా గుడ్‌నైట్ చెప్పి లైన్ కట్. వెనక ఎవరో మనలాగే రీడయల్ కొడుతూ ఉంటారని అందరికీ తెలుసు, అందుకని ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు.

కాల్ వెయిటింగ్ సంగతి చెప్పాలి. ఎవరైనా మధ్యలో ఫోన్ చేస్తే ఆ బీప్‌కి మోడెమ్ తెగిపోతుంది. స్టార్ డెబ్భై కొట్టి డయల్ చేస్తే ఆ బీప్ రాదు. ఒక రాత్రి నేను అలా చేసి బోర్డులో కూర్చున్నాను. మా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఐఎస్‌డీ బూత్ దగ్గర గంటన్నర ప్రయత్నించి, లైన్ దొరక్క వెళ్ళిపోయారు. ఆ సంగతి వారం తరువాత ఉత్తరంలో తెలిసింది. మా వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తరువాత నేను రాత్రి ఒంటిగంట దాటితే తప్ప మోడెమ్ ముట్టుకోలేదు.

మా సిసాప్ అప్పటికి నలభైలలో ఉన్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పరికరాలు బాగుచేసే ఉద్యోగం. గరాజీలో లాన్‌మోవర్ పక్కన ఒక టేబుల్, దానిమీద మూత లేని 386 కంప్యూటర్, యూఎస్ రొబాటిక్స్ కొరియర్ మోడెమ్. ఆ కంపెనీ సిసాప్‌లకు మోడెములు తగ్గింపు ధరకు ఇచ్చేది, లేకపోతే కొనగలిగేవాడిని కాదని చెప్పేవాడు. బోర్డు కోసమే విడిగా రెండో లైన్ పెట్టించుకున్నాడు, ఆ బిల్లు తనదే. ఎవరైనా డబ్బిస్తామంటే 'గరాజీకి కొత్త బల్బు కావాలి, అది తెండి' అనేవాడు.

ఆయన నాకు దగ్గరైంది ఒక చెట్టు వల్ల.

1992 ఉగాది నాకు అక్కడ మొదటి ఉగాది. చింతపండు, బెల్లం ఇండియన్ స్టోర్స్‌లో దొరికాయి. మామిడికాయ బదులు పుల్లటి పచ్చి యాపిల్ అనుకున్నాం. వేపపువ్వు దగ్గర ఆగిపోయాం. సరిగ్గా అప్పుడే మా అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్ దగ్గర ఒక చెట్టు చూశాను. ఆకులు రంపపు పళ్ళతో అచ్చం వేపాకులా, గుత్తులు గుత్తులుగా చిన్న పువ్వులు, కింద నిరుటి పసుపు రంగు కాయలు ఎండి రాలి ఉన్నాయి. పువ్వులు కాస్త ఊదా రంగులో ఉన్నాయి, దేశం మారితే రంగు మారిందేమో అనుకున్నాను. ఆ రాత్రి బోర్డులో సంతోషంగా రాశాను: రేపు మా కొత్త సంవత్సరం, ఆరు రుచుల పచ్చడి చేస్తాం, చేదుకి వేపపువ్వు వేస్తాం, మా ఇంటి వెనకే చెట్టు దొరికింది, టెక్సస్‌లో వేప ఉందని ఇన్నాళ్ళూ తెలీదు అని.

ఇంకా లైన్లోనే ఉన్నాను. సేవ్ కొట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు, తెర ఒక్కసారి ఆగింది. 'సిసాప్ మీతో మాట్లాడాలనుకుంటున్నారు' అని వచ్చింది. రాత్రి ఒంటిగంటన్నర. అక్షరాలు ఒక్కొక్కటే పడడం మొదలైంది. అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. ఒక మనిషి అక్కడ గరాజీలో కూర్చుని కీ నొక్కుతుంటే ఇక్కడ నా తెర మీద ఆ అక్షరం పుడుతోంది. తప్పు పడితే వెనక్కి వెళ్ళి చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. "తినకు. అది చైనాబెర్రీ. మీ వేపకి చుట్టమే కానీ విషం. దాని కాయలు తిని పశువులు పడిపోవడం చూశాను. పువ్వు ఊదా రంగులో ఉందా?"

ఉంది అన్నాను.

"అయితే అదే. దాని జోలికి వెళ్ళకు. చేదు కావాలంటే రేపు పొద్దున మా ఇంటికి రా, పెరట్లో డాండెలయన్ ఆకులున్నాయి. చాలా చేదు."

మర్నాడు నలుగురం వెళ్ళాం. వాళ్ళావిడ ఆకులు కోసి ప్లాస్టిక్ సంచిలో పోసిచ్చింది. ఆయన మమ్మల్ని గరాజీలోకి తీసుకెళ్ళి, "ఇదే, మీరు రోజూ వచ్చే చోటు" అని ఆ 386 చూపించాడు. నేను దానికి ఎదురుగా నిలబడి, దేవుడి గది ముందు నిలబడ్డట్టు కాసేపు ఏం మాట్లాడలేదు.

తరువాత తెలిసింది, బోర్డులో పడే ప్రతి ఉత్తరమూ ఆయన చదువుతాడు. రోజుకి ముప్పై నలభై వస్తాయి, పడుకునే ముందు అన్నీ చదివి పడుకుంటాడు. ఇంటాయన వాకిట్లో కూర్చున్నవాళ్ళ మాటలు వింటూ ఉన్నట్టు. ఆ రోజు నేను రాసింది ఒక మనిషి చదివాడు కాబట్టే ఇవాళ ఇలా రాస్తున్నాను. మా అమ్మాయి ప్రశ్నకి నా దగ్గరున్న జవాబులో ముక్కాలు భాగం ఇదే.

ఈ బోర్డులు ఎలా పుట్టాయో కూడా ఆయనే చెప్పాడు. 1978 జనవరిలో షికాగోలో పెద్ద మంచు తుఫాను. ఇంట్లోంచి కదలలేక వార్డ్ క్రిస్టెన్సెన్ అనే ఐబీఎమ్ ఉద్యోగి తన స్నేహితుడు రాండీ స్యూస్‌కి ఫోన్ చేశాడు. వాళ్ళ కంప్యూటర్ క్లబ్బు గోడ మీద బెండు పలక ఒకటి ఉండేది, కావలసినవాళ్ళు కార్డు ముక్కలు పిన్నుతో గుచ్చేవారు. ఆ పలకను కంప్యూటర్‌లో పెడితే ఎలా ఉంటుంది అన్నది ఆలోచన. వార్డ్ ప్రోగ్రామ్ రాశాడు, రాండీ పరికరాలు జోడించాడు, కొన్ని వారాల్లో తయారైంది. ఫిబ్రవరి 16న జనానికి తెరిచారు. సీబీబీఎస్ అని పేరు. కంప్యూటర్ రాండీ ఇంట్లోనే పెట్టారు. మోడెమ్ 300 బాడ్, సెకనుకి ముప్పై అక్షరాలు. ఆ నవంబరులో ఇద్దరూ 'బైట్' పత్రికలో దాని గురించి రాసేసరికి ఊరూరా మొదలయ్యాయి. రాండీ 2019లో, వార్డ్ 2024లో పోయారు. ఆ రెండుసార్లూ నా లాగిన్ తెర మీద వాళ్ళ పేర్లు రాసి నెల రోజులు ఉంచాను.

ఫిడోనెట్ మరో అద్భుతం. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టాడు. ఒక బోర్డు అర్ధరాత్రి ఇంకో బోర్డుకి తనే ఫోన్ చేసి ఆ రోజు ఉత్తరాల మూట ఇచ్చేస్తుంది, తనకు రావలసిన మూట తీసుకుంటుంది. అర్ధరాత్రి ఎందుకంటే దూరపు కాల్స్ అప్పుడు చవక. మన దగ్గర రాత్రి పదకొండు దాటాక ఎస్‌టీడీ పావు రేటు అయినట్టు. ఒకరు రాస్తే దేశమంతా చదివే ఎకోమెయిల్ పుట్టింది మాత్రం మా డల్లాస్‌లోనే, జెఫ్ రష్ చేతిలో. ఈ మాట చెప్పేటప్పుడు మా సిసాప్ గొంతులో గోదావరి జిల్లావాడికి పూతరేకుల ప్రస్తావన వచ్చినప్పుడు ఉండేంత గర్వం ఉండేది. 1990ల మధ్యకి ఫిడోనెట్‌లో 30 వేల పైచిలుకు బోర్డులుండేవి. అన్నీ ఎవరో ఒకరి గరాజీ, ఎవరో ఒకరి పడకగది, ఎవరో ఒకరి కరెంటు బిల్లు. బెంగళూరులో అతుల్ చిట్నిస్ సిక్స్ అనే బోర్డు నడిపాడని నేను టెక్సస్‌లో కూర్చుని విన్నాను. మన దేశంలో కూడా ఉందని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆటల గురించి ఎక్కువ రాయను. ట్రేడ్‌వార్స్‌లో ఓడ వేసుకుని గ్రహాల మధ్య వ్యాపారం, లెజెండ్ ఆఫ్ ద రెడ్ డ్రాగన్‌లో రోజుకిన్ని యుద్ధాలు. ఈ రోజు వంతు అయిపోతే రేపటిదాకా ఆగాల్సిందే. మర్నాడు లాగిన్ అయితే రాత్రి ఎవరో నా ఓడ పేల్చేసి 'క్షమించు గోదావరీ' అని చీటీ పెట్టేవారు. గోదావరి నా హ్యాండిల్.

1995 ప్రాంతంలో వెబ్ వచ్చింది. రోజుకి ముప్పై మంది వచ్చే బోర్డుకి పదిమంది, తరువాత నలుగురు. నేనూ వెళ్ళిపోయినవాళ్ళలో ఒకణ్ణి. న్యూజెర్సీలో ఉద్యోగం, పెళ్ళి, పాప. 1997లో ఒకసారి గుర్తొచ్చి దూరపు కాల్ చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. అప్పుడు కూడా నేను ఆయనకు ఒక ఉత్తరం రాయలేదు.

2009లో హైదరాబాద్ వచ్చేశాం. అయిదేళ్ళ తరువాత ఒక రాత్రి ఏదో వెతుకుతుంటే టెల్నెట్ బోర్డుల జాబితా కనిపించింది. పైనుంచి కిందికి చదువుతూ వెళ్తే మా బోర్డు పేరు ఉంది. అదే పేరు, ఆర్లింగ్టన్, టెక్సస్. చెయ్యి వణికింది. వెళితే ఎస్కేప్ రెండుసార్లు నొక్కమంది.

పాత ఉత్తరాలన్నీ ఉన్నాయి. గరాజీలో అట్టపెట్టెలో ఆ ఉత్తరాలు దాచిన టేపులు పడి ఉంటే ఆయన రిటైరయ్యాక బయటికి తీశాడట. ఆ టేప్ డ్రైవుల్లో రబ్బరు చక్రం ఇన్నేళ్ళకి కరిగి జిగురైపోతుంది. దాన్ని గీకేసి, బదులుగా సన్నటి రబ్బరు గొట్టం ముక్క తొడిగి, ఒక్కో టేపూ చదివించాడు. కొన్ని చదవలేదు. దొరికినవి రిమోట్ యాక్సెస్ అనే పాత బోర్డు ప్రోగ్రామ్ పద్ధతి నుంచి సింక్రోనెట్ అనే ఇంకో ప్రోగ్రామ్‌కి మార్చుకోవడానికి నెలలు పట్టిందన్నాడు. ఇద్దరి మధ్య నడిచిన సొంత ఉత్తరాలు మాత్రం ఎవరికీ చూపించకుండా చెరిపేశాడు. "అవి నావి కావు కదా" అన్నాడు. ఆ మాటకి నేను ఆయన్ని ఇంకాస్త గౌరవించాను.

1992 ఏప్రిల్ ఉత్తరాల్లో నాది దొరికింది. తప్పుల ఇంగ్లీషు, ఆరు రుచులు, ఇంటి వెనక వేపచెట్టు. ఇరవై రెండేళ్ళ తరువాత చదువుకుంటే పాతికేళ్ళ కుర్రాడొకడు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది. ఆ మధ్య కాలంలో నేను ఎన్నో పెద్ద సైట్లలో రాసిన రాతలు, పెట్టిన ఫొటోలు ఏవీ ఇప్పుడు లేవు. అవి మూసేసినప్పుడు ఒక ఈమెయిల్ వచ్చింది, అంతే. ఒక మనిషి తన పెట్టెలో దాచినవి మాత్రం మిగిలాయి.

ఆయన చూపు తగ్గుతోందని, మెషీన్ బాగోగులు చూడడం కష్టంగా ఉందని 2019లో చెప్పాడు. నేను తీసుకుంటానన్నాను. మొత్తం బోర్డు, ఇన్నేళ్ళ ఉత్తరాలతో సహా, జిప్ చేస్తే 60 మెగాబైట్లు కూడా లేదు. నా ఫోన్లో మా మనవడి రెండు వీడియోలు అంతకంటే పెద్దవి.

అలా ఆ గరాజీ మా టీవీ కిందికి వచ్చింది. ఇక్కడ ఇళ్ళకిచ్చే నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత ఐపీ ఉండదు, వందల ఇళ్ళకి కలిపి ఒకటి. బయటివాళ్ళు మన తలుపు తట్టలేరు. అందుకే విడిగా డబ్బు కట్టడం. ఇక తట్టేవాళ్ళలో నూటికి తొంభై మంది మనుషులు కారు. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ వచ్చినప్పటి నుంచి టెల్నెట్ పోర్టు తెరిచి ఉంచిన వాళ్ళందరికీ ఇదే బాధ, రాత్రంతా బాట్లు, అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు, 'రూట్', 'అడ్మిన్' అంటూ తలుపు గుద్దుతూ ఉంటాయి. దానికి చాలామంది సిసాప్‌లు పెట్టుకున్న మందు పాతదే: ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి. బాట్‌కి చదవడం రాదు, మనిషి చదివి నొక్కుతాడు.

పాత కంప్యూటర్లవాళ్ళు కూడా వస్తారు. వందల రూపాయల్లో దొరికే ఒక చిన్న వైఫై చిప్పుతో మోడెమ్‌లా నటించే డబ్బా చేసుకుని, 1980ల కమోడోర్ 64 నుంచి 'డయల్' చేస్తారు. వాళ్ళ నలభై వరుసల తెరకి సరిపోయేలా మెనూలు విడిగా గీశాను.

గీయడం అంటే గుర్తొచ్చింది. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. పాత ఐబీఎమ్ అక్షరాల పట్టికలో 256 గుర్తులుంటాయి, పదహారు రంగులు. దాన్లో తెలుగు లేదు, మా రోజుల్లో తెలుగు మాట రాయాలంటే ఇంగ్లీషు లిపిలో కూడబలుక్కుని రాసేవాళ్ళం. ఇప్పుడు తెలుగు పంపవచ్చు కానీ, ఒత్తులూ గుణింతాలూ ఆ సమానమైన గళ్ళలో ఇమడవు, వరుస చెదిరిపోతుంది. అందుకని ఒక సంక్రాంతికి నేను అక్షరం వదిలేసి ముగ్గు పట్టుకున్నాను. మా అమ్మ వేసే పదిహేను చుక్కల ముగ్గు. పట్టికలో 250వ గుర్తు సరిగ్గా ముగ్గు చుక్కలా ఉంటుంది. గడి వెడల్పుకి ఎత్తు రెట్టింపు, చుక్కలు పక్కపక్కనే పెడితే ముగ్గు నిలువుగా సాగిపోతుంది. రెండు గళ్ళకొకటి పెట్టాలి. మెలికలు రావు, ఆ పట్టికలో వంపు గీతలు లేవు. గీతల ముగ్గే కుదిరింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఆ మూల చుక్క వదిలేశావురా" అంది. నిజమే, వదిలేశాను.

ఈ మధ్య మా నాన్నగారి చలివేంద్రం తరచు గుర్తొస్తోంది. రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు మాది. ఏటా ఎండలు మొదలవగానే కొట్టు ముందు తాటాకు పందిరి, నాలుగు కుండలు, వాటిలో వట్టివేళ్ళు. పొద్దున్నే నీళ్ళు తనే పోసేవారు, కుర్రాళ్ళని పొయ్యనిచ్చేవారు కాదు. తరువాత ప్రతి కిరాణా కొట్లోనూ నీళ్ళ సీసాలొచ్చాయి, కుండ దగ్గర ఆగేవాళ్ళు తగ్గారు. ఇంక తీసేద్దామా అని నేనే ఒక వేసవిలో అన్నాను. ఆయన నా మాట వినిపించనట్టే కుండ కడుగుతూ, "మధ్యాహ్నం రిక్షా ఆయన ఒకడొస్తాడు" అన్నారు. ఆయన చనిపోయిన ఏడాది కూడా పందిరి వేయించారు.

మా సిసాప్ ఇప్పటికీ వస్తాడు. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని, నెమ్మదిగా. నిన్న రాత్రి పదకొండు నిమిషాలు ఉన్నది ఆయనే. కానీ ఏటా ఒక్కరోజు మాత్రం తప్పనిసరిగా సిసాప్‌ని పిలిచే బెల్లు కొడతాడు. ఉగాది నాడు ఉదయం ఆరున్నరకి, ఆయనకు అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిది. మా ఆవిడ వంటింట్లో మామిడికాయ తరుగుతూ, "ఏవండీ, మీ పెద్దాయన బెల్లు కొడుతున్నారు" అని కేకేస్తుంది. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని వచ్చి కూర్చుంటాను. తెర మీద ఒక్కో అక్షరమూ పడుతూ ఉంటుంది. తప్పు కొట్టి చెరుపుతాడు, మళ్ళీ కొడతాడు. తొందరేం లేదు, చూస్తూ కూర్చుంటాను.

"గోదావరీ, ఈసారి పువ్వు ఏ రంగు?"

తెలుపు అని కొడతాను.